పసిచేతులు చెప్పు మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయమునకు రెండు బీరువాలును, ఒక పొడుగు బల్లయు మాత్రమే ఆస్తిగా ఉండెడివి. ఆ బల్ల చివర కూర్చుండి బొమ్మల కథల పుస్తకములు చదివిన పిల్లలలో నేనొకతెను. నేడు రజతోత్సవమునకు నన్ను పిలిచి, పట్నములో నేను చేయు పనిని గూర్చి నలుగురికి అర్థమగునట్లు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నా పని చిన్నది. మనస్సునకు దెబ్బ తగిలిన పిల్లలు ఆ బాధను మాటలలో చెప్పుకొనలేనప్పుడు మట్టితోను, ఇసుకతోను, రంగులతోను, బొమ్మలతోను చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనునంత సేపు వారి ప్రక్కన తోడుగా కూర్చుండుటయే నా పని. వైద్యులు దీనిని ప్లే థెరపీ అనియు, ఆర్ట్ థెరపీ అనియు అందురు. మనము ఆటచికిత్స, కళాచికిత్స అనుకొందము.

గ్రంథాలయపు పండుగలో మట్టిముద్దల ముచ్చట యేల అని మీలో కొందరనుకొనవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు గ్రంథాలయమును పుస్తకములు దాచు గదిగా తలపలేదు. అక్షరము రానివానికి చదివి వినిపించుటయు గ్రంథాలయము పనియే యని ఆ ఉద్యమకారులు భావించిరి. చదువురాని రైతునకు అక్షరము లేనట్లే, దుఃఖములో మునిగిన పసివానికి మాట లేదు. మాట లేనివానికి దారి చూపుట గ్రంథాలయమునకు పరాయి పని కాదని నా మనవి.

పెద్దవానికి కష్టము వచ్చినచో ఇరుగుపొరుగుతో చెప్పుకొనును. ఏడేండ్ల వానికి కడుపునొప్పి వచ్చును. ఒకడు రాత్రి పక్క తడుపును. ఒకడు తోటివానిని గిచ్చును. మరియొకడు నోరు మెదపక, చెప్పిన పనియెల్ల చేయుచు, బుద్ధిమంతుడై కూర్చుండును. ఈ చివరివానిని చూచి మనము మెచ్చుకొందుము. నాకు అందరికంటె ఎక్కువ బెంగ వానిని గూర్చియే.

నేను పనిచేయు చోటు హైదరాబాదులోని ఫిల్మ్ నగర్. ఒకప్పుడు అది జూబిలీ హిల్సు అంచున రాతిగుట్టల ప్రదేశము. తెలుగు చిత్రపరిశ్రమ మదరాసు నుండి తరలివచ్చిన కాలములో ఆ గుట్టలు ఊరైనవి. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైనది; తరువాత ఫిల్మ్ నగరులో రామానాయుడు స్టూడియో వచ్చినది. మీకు తెరపై కనిపించువారు కొందరు. కనిపించనివారు వేలమంది. పరిశ్రమలో 24 శాఖలని చెప్పుదురు. ఆ శాఖలలోని వడ్రంగులు, రంగులు వేయువారు, అచ్చులు పోయువారు, దుస్తులు కుట్టువారు, దీపములు మోయువారు, గుంపులో నిలుచు చిన్న నటులు అనేకులు ఆ చుట్టుపట్ల బస్తీలలో చిన్న గదులలో కాపురముందురు. వారి పిల్లలే నా యొద్దకు వచ్చువారిలో ఎక్కువమంది.

సినిమా సెట్టును మీలో చాలమంది చూచియుండరు. అందులో గోడ ప్లైవుడ్డు, బండరాయి థర్మోకోలు, స్తంభము ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఇంటికి మూడు గోడలే ఉండును. నాలుగవ వైపు కెమెరా కొరకు తెరచియుంచెదరు. అది ఇల్లు కాదని అందరెరుగుదురు. అయినను ఆ యింటిలో తల్లి పాత్రధారిణి కొడుకు కొరకు విలపించుట చూచి, సినిమాహాలులో మనము నిజముగనే కన్నీరు పెట్టుకొందుము. మన సొంత యింటిలో మరణము సంభవించిననాడు ఏడ్వలేక బిగదీసికొన్నవారు సయితము ఆ చీకటిలో ఏడ్చెదరు. కల్పితమైన యింటిలో నిజమైన దుఃఖమునకు భయము తక్కువ. పిల్లవాడు కట్టుకొను మట్టియిల్లు అటువంటిదే. అయితే దానిలో నటన లేదు. చూచువారి కొరకు కట్టినదియు కాదు.

ఇక నాకు పాఠము నేర్పిన ఒక బాలుని సంగతి చెప్పెదను. అతని తల్లి యనుమతితోనే చెప్పుచున్నాను. పేరు చెప్పను, ఆనవాలు తెలియకుండునట్లు కొన్ని వివరములు మార్చితిని.

అతనికి ఏడేండ్లు. తండ్రి సెట్టు పనిలో వడ్రంగి. 2020 మార్చిలో మహమ్మారి వలన షూటింగులు ఆగినప్పుడు ఆ బస్తీలో పొయ్యి వెలుగుటయే కష్టమయ్యెను. పనులు మెల్లగా మొదలైన తరువాత, 2021 వేసవిలో రెండవ విజృంభణ వచ్చెను. ఒక రాత్రి ఆ తండ్రికి ఊపిరి ఆడలేదు. ఆంబులెన్సు వచ్చినది. ఆయన తిరిగి రాలేదు. దేహమును ఇంటికి తేలేదు. కర్మకాండయందు పిల్లవానికి చోటు లేదు. తల్లి యేమి చెప్పగలదు? "నాన్న అవుట్‌డోరు షూటింగుకు వెళ్లాడురా" అని చెప్పెను. ఆ వీధిలో అది నమ్మదగిన మాటయే. తండ్రులు నెలల తరబడి అవుట్‌డోరునకు వెళ్లుట అక్కడి పిల్లలకు అలవాటు.

కొన్ని నెలలకు బడి తెరచిరి. బాలుడు బడిలో మాటలాడుట మానెను. రాత్రులు పక్క తడుపసాగెను. ఉపాధ్యాయిని యొకామె అతనిని నా యొద్దకు పంపెను. నా గదిలో ఒక చాప, తడిగుడ్డ కప్పిన మట్టి, ఒక ఇసుకపళ్లెము, అలమరలో బొమ్మలు ఉండును. అతడు మొదటిరోజే మట్టిని తీసికొని నాలుగు చక్రముల బండి యొకటి చేసెను. పైన చిన్న ఉండ పెట్టెను, అది దీపము. నాకు వెంటనే అర్థమయ్యెను. అర్థమైనదను గర్వముతో, "ఇది మీ నాన్న వెళ్లిన ఆంబులెన్సు కదా?" అని అడిగితిని. అతడు బండిని అరచేతితో అణచివేసి, చేయి తుడుచుకొని వెళ్లిపోయెను. రెండు వారములు రాలేదు. తప్పు నాది. అతడు తలుపు కొద్దిగా తెరచి చూచుచుండగా నేను త్రోసికొని లోపలికి పోయితిని.

మరల తల్లి బ్రతిమాలి తీసికొనివచ్చినప్పుడు నేనేమియు అడుగలేదు. నేనును ఒక మట్టిముద్ద తీసికొని, ఉండలు చేయుచు ప్రక్కన కూర్చుంటిని. అతడు బండి చేసెను, అణచెను. మరునాటి వారమును అంతే. ఆ తరువాతి వారమును అంతే. ఒకనాడు బండిలో మట్టిమనిషిని పరుండబెట్టి పైన మూత వేసెను. కొంతసేపు దానిని చూచెను. పిమ్మట చీపురుపుల్ల తీసికొని మూతకు రంధ్రములు పొడిచెను. ఒకటి, రెండు కాదు. మూత నిండ పొడిచెను. నేను ఊరకుంటిని. అతడే నా వైపు చూడకుండ "గాలికి" అనెను.

అన్ని నెలలలో ఆ సంగతిని గూర్చి అతడు పలికిన మొదటి మాట అది. తండ్రి అవుట్‌డోరునకు వెళ్లలేదని ఆ చేతులకు మొదటి నుండి తెలియును. తల్లి బాధపడునని నోరు దాచుకొన్నది. తల్లి బిడ్డను కాపాడుటకు అబద్ధమాడుచున్నది. బిడ్డ తల్లిని కాపాడుటకు ఆ అబద్ధమును నమ్మినట్లు నటించుచున్నాడు. ఇద్దరును ఒకే గదిలో ఒంటరులై యుండిరి.

అటు తరువాత కొద్దిరోజులకు అతడు తల్లిని, "అవుట్‌డోరు ఇంకెన్ని రోజులమ్మా?" అని అడిగెనట. ఆమె నా యొద్దకు పరుగున వచ్చెను. నేను ఆమెకు నేర్పినది ఒక్కటే: చిన్న మాటలలో నిజము చెప్పవలెను, "నిద్రపోయాడు", "ఊరికి వెళ్లాడు" అనరాదు. అట్లనినచో నిద్రయన్నను, ఊరన్నను పిల్లలకు భయము కలుగును. ఆమె ఆ రాత్రి "నాన్న జబ్బు చేసి చనిపోయాడు. డాక్టర్లు చాలా ప్రయత్నించారు. ఇక రాడు. నేను ఇక్కడే ఉంటాను" అని చెప్పెను. ఇద్దరు కలిసి ఏడ్చిరి. దానితో అంతయు సర్దుకొన్నదని నేను చెప్పను. పక్క తడుపుట మరికొన్ని నెలలుండెను. ఒకనాడు బడిలో ఒకనిని కొట్టెను. కాని మాట తిరిగి వచ్చెను.

దీపావళికి ముందు అతడు నా గదిలో ఒక ప్రమిద చేసి, ఎండబెట్టి, ఇంటికి పట్టుకొనిపోయెను. కాల్చని మట్టి కదా, నూనె పీల్చుకొనుచునే యుండెనట. తల్లి మరల మరల నూనె పోసెనట. కొంతసేపు వెలిగినదని బాలుడు నాతో చెప్పెను. కర్మకాండలో చోటు దొరకని కొడుకు తండ్రికి పెట్టిన దీపమది.

చేతులకు ఈ శక్తి యెక్కడిది? ఇది విదేశమునుండి దిగుమతియైన విద్య కాదు. ఏటి యొడ్డున తడియిసుకలో పాదముంచి, పైన ఇసుక కప్పి, తట్టి, పాదమును మెల్లగా వెనుకకు లాగి పిచ్చుకగూడు కట్టని తెలుగు బిడ్డ యుండునా? గూడు నిలిచినచో ఆనందము. కూలినచో మరల కట్టుట. బొమ్మరిల్లు, గుజ్జనగూళ్లు, బొమ్మల పెండ్లి, సంక్రాంతికి బొమ్మల కొలువు, చవితికి మట్టి వినాయకుడు మనకు తెలిసినవే. ఆడపిల్ల బొమ్మకు పెండ్లిచేసి అత్తవారింటికి పంపుచు ఏడ్చునప్పుడు, తన అక్క వెళ్లిన దినమును తలచుకొనుచున్నదని మన అమ్మమ్మలకు తెలియును. చికిత్స చేయువారు ఈ పాత ఆటలనే తీసికొని, వాటి ప్రక్కన ఓర్పుగల ఒక పెద్దమనిషిని కూర్చుండబెట్టిరి.

దీనిలో మూడు సంగతులు కలవు. మొదటిది, అధికారము. కష్టము వచ్చినప్పుడు పిల్లవాని చేతిలో ఏమియు లేదు. ఆంబులెన్సు వచ్చినది, పోయినది. మట్టిబండి మాత్రము అతని యిష్టము వచ్చినప్పుడు వచ్చును, ఆగును, విరుగును. రెండవది, దూరము. "నాకు భయము" అని చెప్పుట కష్టము. "ఈ కుందేలుకు భయము" అని చెప్పుట తేలిక. మూడవది, పునరావృత్తి. వియన్నా నగరపు వైద్యుడు ఫ్రాయిడు 1920లో ప్రకటించిన గ్రంథములో ఒకటిన్నర సంవత్సరముల శిశువు ఆటను వర్ణించెను. తల్లి బయటకు పోయినప్పుడు ఆ శిశువు దారము కట్టిన కండెను కనబడకుండ విసరి, మరల లాగుకొనుచుండెను. పోవుట, వచ్చుట, పోవుట, వచ్చుట. మ్రింగుడుపడని అనుభవమును పిల్లలు ఇట్లు కొంచెము కొంచెముగా నమలుదురు. మన బాలుడు వారము వారము బండి చేసి అణచుట వ్యర్థమైన పని కాదు.

ఈ విద్యకు శాస్త్రరూపము నిచ్చినవారిలో లండను వైద్యురాలు మార్గరెట్ లోవెన్‌ఫెల్డు ముఖ్యురాలు. ఆమె 1928లో పిల్లల కొరకు ఒక చికిత్సాలయము తెరచెను. ఇసుక పోసిన పళ్లెమును, చిన్న చిన్న బొమ్మలను ఇచ్చినప్పుడు పిల్లలు వాటితో ఊళ్లు, యుద్ధములు, అడవులు కట్టి దానికి "ప్రపంచము" అని తామే పేరు పెట్టిరి. ఆ పేరే చికిత్సకు నిలిచెను. తరువాత స్విట్జర్లాండులో డోరా కాల్ఫ్ ఈ పద్ధతిని పెంచెను. పళ్లెము లోపలి భాగమునకు నీలిరంగు వేయుదురు. ఇసుకను ప్రక్కకు త్రోసినచో అడుగున నీరు కనబడును. నా గదిలోని పళ్లెము ఫిల్మ్ నగర్ వడ్రంగి యొకరు సెట్టు పనిలో మిగిలిన చెక్కతో చేసి యిచ్చినదే.

1942 డిసెంబరులో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణిని నాజీలు టెరెజిన్ నిర్బంధ శిబిరమునకు పంపిరి. ఆమె అక్కడి పిల్లలకు రహస్యముగా చిత్రలేఖనము నేర్పెను. దొరికిన చిత్తుకాగితముల మీద పిల్లలు సీతాకోకచిలుకలను, తమ పాత ఇండ్లను, భోజనపు బల్లలను గీసిరి. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ పంపి చంపిరి. ఆ పిల్లలలో అత్యధికులు బ్రతుకలేదు. పెట్టెలలో దాచిన సుమారు 4,500 చిత్రములు మిగిలినవి. నేడవి ప్రాగు నగరపు యూదు మ్యూజియములో నున్నవి. ఆమె ఆ పిల్లలను మరణమునుండి కాపాడలేకపోయెను. కాని బ్రతికినన్ని దినములు వారు సంఖ్యలుగా గాక పిల్లలుగా ఉండునట్లు చేసెను. మనము పిల్లవాని కష్టమును తొలగింపలేని సమయములు వచ్చును. అప్పుడును చేయదగిన పని యొకటి మిగిలియుండునని ఆమె జీవితము చెప్పుచున్నది.

మన దేశములోను ఈ దృష్టి కొత్తది కాదు. గిజూభాయి బధేకా 1920లో భావనగరమునందు బాలమందిరము స్థాపించి, బెత్తమును ప్రక్కన పెట్టి, కథను, ఆటను, చేతిపనిని చదువులోనికి తెచ్చెను. మన తెలుగువారిలో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఇంటింటి పిల్లలకు తెలిసినవారు. వారు 1945లో "బాల" పత్రికను వెలువరించిరి. పిల్లల మాటకు పెద్దల లోకములో చోటు కల్పించిన దంపతులు వారు. ఇటీవలి కాలములో, 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ తరువాత, తీరగ్రామముల పిల్లలతో పనిచేయు కార్యకర్తలకు బెంగుళూరు నిమ్హాన్సు సంస్థవారు బొమ్మలు గీయించుట, ఆటలాడించుట మొదలగు మార్గములను నేర్పిరి. ఫలితమును గూర్చి అడుగువారికి ఒక సంగతి చెప్పెదను. అమెరికాలో 2005లో పరిశోధకులు ఆటచికిత్సపై జరిగిన 93 అధ్యయనములను కలిపి పరిశీలించిరి. చికిత్స పొందిన పిల్లలకు మేలు కలిగినదనియు, శిక్షణ పొందిన తల్లిదండ్రులు పాల్గొన్నచోట మేలు మరింత ఎక్కువగా ఉన్నదనియు వారు తేల్చిరి. అనగా మందు సగము మన ఇండ్లలోనే ఉన్నది.

ఇక ఈ గ్రంథాలయమునకు నా విన్నపము. ఉత్తరపు కిటికీ ప్రక్కన పాత పత్రికల కట్టలున్న మూల యొకటి కలదు. ఆ మూలను పిల్లలకిండు. చెరువుమట్టి, జల్లించిన ఇసుక, రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడంగుళముల లోతు గల చెక్కపళ్లెము, చిత్తుకాగితములు, రంగులు, చేతికి తొడుగుకొను గుడ్డబొమ్మలు చాలును. తెల్లపొణికి కొయ్యతో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడు కొయ్యకు లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు కొన్ని కొనుడు. మనుష్యులు, పశువులు, ఇండ్లు, బండ్లు, కంచెలు ఉండవలెను. పామును, పులిని, రాక్షసుని మరువకుడు. మంచి బొమ్మలనే పెట్టినచో పిల్లవాని భయమునకు అక్కడ కూర్చుండ చోటుండదు.

అక్కడ కూర్చుండు పెద్దలకు నాలుగు మాటలు. "ఇది యేమి?" అని వెంటనే అడుగకుడు, నా తప్పు మీరు చేయకుడు. కనబడినది మాత్రము చెప్పవచ్చును: "బండికి నాలుగు చక్రములు పెట్టినావు" అనవచ్చును. "ఎంత బాగున్నది!" అని పొగడకుడు, పొగడ్త విన్న పిల్లవాడు మరునాడు మన కొరకు చేయును, తన కొరకు చేయడు. ఆకాశమునకు నలుపు వేసినచో దిద్దకుడు. నలుపు వేసినంత మాత్రమున దుఃఖమని నిర్ణయింపనును వలదు. ఒక్కొక్కసారి పెట్టెలో ఆ రంగే మిగిలియుండును. చిత్రమును చూచి జోస్యము చెప్పువారు చికిత్సకులు కారు. హద్దులు కూడ ఉండవలెను: మట్టిని కొట్టవచ్చును, మనిషిని కొట్టరాదు, సమయమునకు మొదలిడి సమయమునకు ముగించవలెను. హద్దు లేనిచోట పిల్లలకు భద్రత తోచదు.

మరియొక మాట చెప్పుటకు సందేహించుచున్నాను, కాని చెప్పక తప్పదు. ఆ మూలలో పిల్లలు చేసిన వస్తువులను వచ్చే వార్షికోత్సవమునకు ఈ గోడలపై ప్రదర్శింపవలెనని సంఘములో కొందరు పెద్దలు సదుద్దేశముతో ఆలోచించుచున్నారని వింటిని. చిత్రలేఖన పోటీ పెట్టుడు, బహుమతులిండు, ఆ గోడ వేరు. ఈ మూల వేరు. పిల్లవాడు ఒంటరిగా చేసినది వాని ఉత్తరము. ఉత్తరము తెరచి పందిరిలో కట్టము గదా. రంధ్రములు పొడిచిన ఆ మట్టిబండి ఏదైన ప్రదర్శనలో ఉండియుండినచో ఆ బాలుడు మరల ప్రమిద చేసియుండడు. వాని అనుమతి లేక చూపము, చెప్పము, ఫోటో తీయము అను మూడు మాటలను ఆ మూల గోడపై వ్రాయుడు.

ఈ మూల వైద్యశాల కాదనుటయు మరువరాదు. ఇది పిల్లవాడు ఊపిరి పీల్చుకొను కిటికీ మాత్రమే. వారముల తరబడి నిద్రపట్టకున్నను, తిండి మానినను, తన్ను తాను గాయపరచుకొన్నను, చావవలెనని పలికినను శిక్షణ పొందిన మనోవైద్యుని, మనస్తత్వ చికిత్సకుని యొద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఎవరైన పిల్లవానికి హాని చేయుచున్నారని ఆటలో గాని, మాటలో గాని సూచన తోచినచో పిల్లవానిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగకుడు. ఇంటి పరువని దాచకుడు. బాలల సహాయమునకు 1098 సంఖ్య కలదు. పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినచో పోలీసులకు తెలియజేయుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము మన విధి.

తండ్రులారా, మీతో ప్రత్యేకముగా ఒక మాట. మగపిల్లవాడు ఏడ్చినచో "ఆడపిల్లవా?" అని మందలించుట మన ఊళ్లలో అలవాటు. ఆ మందలింపు విన్నవాడు ఏడుపు మానడు. దానిని పిడికిలిలోనికి మార్చుకొనును. ఆ పిడికిలిలో మట్టి పెట్టినచో మెత్తబడును. ఆదివారము ఒక అరగంట, ఫోను ప్రక్కన పెట్టి, వాని ప్రక్కన నేలపై కూర్చుండుడు. వాడు యేమి చేయుమనిన అది చేయుడు. బోధింపకుడు. ఇంతకంటె చౌకయైన వైద్యము నాకు తెలియదు.

చిన్నతనమున ఈ గ్రంథాలయములో నేను చదివిన పుస్తకములలో సగము నాకు గుర్తులేవు. కాని మా తాతగారు పోయిన వారము, బడికి పోకుండ వచ్చి ఆ బల్ల చివర ముడుచుకొని కూర్చున్నప్పుడు, అప్పటి గ్రంథపాలకుడుగారు నన్ను ఏమియు అడుగలేదు. అట్టముక్కలు, జిగురుసీసా నా ముందు పెట్టి, చిరిగిన పుస్తకములకు అట్టలు వేయుమనిరి. సాయంకాలము వరకు అట్టలు వేసితిని. ఎప్పుడు ఏడ్చితినో తెలియదు. ఒక అట్ట మీద తడి మచ్చ పడెను. ఆయన చూచి, "ఫర్వాలేదమ్మా, ఆరిపోతుంది" అని మాత్రమనిరి. నేను నేడు చేయు పనికి మొదటి పాఠము నాకు దొరికినది ఇచ్చటనే. అందుచేత ఆ మూలను అడుగు హక్కు నాకు కొంత కలదని తలచుచున్నాను.

మన గ్రంథాలయము మరి పాతికేండ్లకు స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ మూలలో మట్టి తడి యారకుండ ఉండునుగాక యని కోరుచున్నాను.